ఎవరి పార్సిల్ వాళ్ళే తీసుకోవాలి

మా వదినను చూసినవాళ్ళంతా నోట్లో నాలుక లేని మనిషి అనేవాళ్ళు. నాలుక లేకేం, ఉంది. "కుదరదు" అనే ఒక్క మాట దగ్గర మాత్రం అది తిరిగేది కాదు. ఆ ఒక్క మాట రానందుకే ఆమె జైలుకు పోయింది. లోపల ఆ మాట నేర్చుకుని బయటికి వచ్చింది. వచ్చాక ఎవరి సంగతి ఎలా తేల్చిందో చెబుతాను, వినండి.

నేను ఆమెకు ఆడపడుచుని. ఆడపడుచు అర్ధమొగుడన్నారు కదా, ఆ హక్కు నేను ఎన్నడూ వదులుకోలేదు. అసలు మొగుణ్ణి వదిలేసి అన్న ఇంటికి చేరిన దగ్గర్నుంచి ఆ పెత్తనమంతా వదిన మీదే చేశాను. మా అన్న లారీ మీద ఊళ్ళు తిరిగే మనిషి, నెలలో ఎక్కువ రోజులు ఇంట్లో ఉండడు. ఇంట్లో మిగిలేది మేమిద్దరం, ఆ తర్వాత వదినకు పుట్టిన మా చంటిది.

వదిన పని ఇస్త్రీ. నాలుగంతస్తుల బిల్డింగులో మెట్ల కింద కాస్త ఖాళీ ఉంటుంది చూడండి, తల వంచకపోతే నుదురు బొప్పి కట్టే చోటు, అక్కడ ఆమె బల్ల. బల్ల మీద మడతపెట్టిన దుప్పటి, దాని మీద కాలిన మచ్చల పాత గుడ్డ, బొగ్గుల పెట్టె, నీళ్ళు చల్లుకునే చెంబు. వేలు తడి చేసి పెట్టె అడుగున తాకించి, చుయ్ మంటే చాలు, వేడి ఎంతుందో తెలిసిపోయేది ఆమెకు. నాకు ఒక్కదానికే వదిన కావలసిన మనిషి ఆ బిల్డింగు మొత్తానికీ వదినైంది. ముసలివాళ్ళూ వదినా అనేవాళ్ళే, స్కూలు పిల్లలూ వదినా అనేవాళ్ళే. తాళంచెవులు ఆమె దగ్గర, పాలపాకెట్లు ఆమె దగ్గర, పిల్లల్ని స్కూలు బస్సు దించితే కూర్చోబెట్టుకోవడం ఆమె దగ్గర.

పార్సిళ్ళూ ఆమె దగ్గరే. పోస్టాయనకైనా, కొరియరాయనకైనా మెట్లెక్కడం ఎందుకు, వదిన ఉండగా? "రెండో అంతస్తుది వదినా, నాలుగో అంతస్తుది వదినా" అంటూ బల్ల మీద పెట్టేసి, సంతకం తీసుకునే చేతి మిషను ముందుకు చాపేవాళ్ళు. ఆమె వేలితో దాని మీద గీసేది. పార్సిల్ ఎవరిదైనా సంతకం ఆమెదే. ఆ వీధంతా అలాగే చేసేది. పక్కింటివాళ్ళది మనం తీసుకోకపోతే మనిషి పుట్టుకేనా అనుకునే రోజులు.

"ఊరందరి పార్సిళ్ళకీ నీ సంతకమేంటి? నీకు జీతమిస్తున్నారా?" అని నేను సాధించేదాన్ని.

"గీత గీస్తే వేలు అరిగిపోతుందా మరదలా?" అని నవ్వేది. 

మూడో అంతస్తు ఓనరుగారిది. ముసలాయన మంచం పట్టాడు. ఒక్కతే కూతురు, ఆమె మొగుడు ఇల్లరికం అల్లుడు. అద్దెల వ్యవహారం, బిల్డింగు పెత్తనం అంతా అతనిదే. అందరూ "అల్లుడుగారు" అనే పిలిచేవాళ్ళు. తర్వాత పోలీసులు పేరు అడిగితే మాలో సగంమందికి తెలియలేదు. నలగని చొక్కా, మెత్తటి మాట. ఎవరు ఎదురైనా ముందు తనే నమస్కారం పెట్టేవాడు. కానీ చేత్తో సంచి పట్టుకుని మెట్లెక్కగా అతన్ని ఎవరూ చూడలేదు. ఇంటి అల్లుడు బరువులు మోస్తే నా పరువేం కావాలని ముసలాయన ఎప్పుడో ముచ్చటకి అన్నాడట. ఆ మాటను ఇతగాడు గట్టిగా పట్టుకున్నాడు. ఉల్లిపాయల సంచైనా సరే, పెళ్ళామే మోసుకురావాలి.

ఒకరోజు పొద్దున అతను బల్ల దగ్గరికి వచ్చాడు. టీచరమ్మ కూడా అప్పుడక్కడే ఉంది. మొదటి అంతస్తులో ఒంటరిగా ఉండే ఆవిడ, రిటైరైంది, మోకాళ్ళ నొప్పులు. 

"వదినగారూ, రెండో అంతస్తు ఖాళీ పోర్షన్‌లోకి కొత్తవాళ్ళు వస్తున్నారు. సామానుకంటే ముందు వాళ్ళ పార్సిల్ ఒకటి వచ్చేలా ఉంది. కాస్త తీసుకుని ఉంచండి" అన్నాడు.

"దానికేం బాబూ, ఉంచుతాను" అంది వదిన.

"ఎవరండీ కొత్తవాళ్ళు?" అని టీచరమ్మ అడిగింది.

"ఉద్యోగస్తులేనండీ, మంచివాళ్ళు" అన్నాడు. ఆవిడ అడిగిందీ, అతను జవాబు చెప్పిందీ మర్చిపోకండి.

మర్నాడు పార్సిల్ వచ్చింది. వదిన వేలితో గీసింది. పోస్టాయన గేటు దాటాడో లేదో, ఎదురుగా ఆగి ఉన్న బండిలోంచి నలుగురు దిగి బల్ల చుట్టూ నిలబడ్డారు. వాళ్ళలో పెద్ద మీసాలాయన పోలీసు ఆఫీసరు. నేను చంటిదాన్ని చంకనేసుకుని అన్నం పెడుతున్నాను. 

"ఇది నీదేనా?" అన్నాడు మీసాలాయన.

"నాది కాదండీ, రెండో అంతస్తువాళ్ళది."

"రెండో అంతస్తులో ఎవరూ లేరు కదా?"

పార్సిల్ విప్పారు. లోపల ఫోటో ఫ్రేములు, పూలబొమ్మలవి. ఆ ఫ్రేముల వెనక అట్టకీ బొమ్మకీ మధ్య పలచటి పొట్లాలు. పోస్టాఫీసులో అనుమానం వచ్చి ముందే తెరిచి చూశారట, మత్తుమందని తేలిందట. ఎవరు తీసుకుంటారో చూద్దామని మళ్ళీ కట్టి పంపారట. తీసుకున్నది మా వదిన.

"అల్లుడుగారు తీసుకోమన్నారండీ" అంది. ఆమె మొహంలో భయం కూడా లేదు అప్పటికి. అల్లుడుగారు వచ్చి చెబితే అయిపోతుందనే అనుకుంది పిచ్చితల్లి.

అతన్ని పిలిపించారు. రుమాలుతో మెడ తుడుచుకుంటూ దిగాడు. "నేనా? నేనెప్పుడు చెప్పాను వదినగారూ?" అన్నాడు. ఎంత బాధగా అన్నాడంటే, ఒక్క క్షణం నాకే వదిన పొరపాటు పడిందేమో అనిపించింది. పైగా "మంచి మనిషే సార్, ఎవరో మోసం చేసుంటారు" అని జాలి కూడా కురిపించాడు, త్రాష్టుడు!

మీసాలాయన పైకి చూసి అడిగాడు, "ఆ మాట ఎవరైనా విన్నారా?" అని. మెట్ల మీద, బాల్కనీల్లో బిల్డింగు మొత్తం నిలబడి ఉంది. వదిన టీచరమ్మ వంక చూసింది. ఆవిడ నీళ్ళు నమిలింది. అల్లుడుగారు కూడా ఆవిడ వంకే చూస్తున్నాడు. ఎన్నేళ్ళుగానో ఆవిడకు అద్దె పెంచలేదు అతను.

"నాకేం తెలుసండీ, నాకసలు చెవులు సరిగ్గా వినపడవు" అంది.

"మాకేం తెలుసు" అన్నారు మిగతావాళ్ళు. పాలపాకెట్లు ఎక్కడుంటాయో తెలుసు, తాళంచెవి ఎక్కడుంటుందో తెలుసు, ఇది మాత్రం తెలియదు! నేను నోటికొచ్చినట్టు తిట్టాను. చంటిది బెదిరి గుక్కపట్టింది. వదినను బండి ఎక్కించారు. బల్ల మీద ఎవరిదో చొక్కా సగం ఇస్త్రీతో ఉండిపోయింది. ఎవరిదో కాదు, వాడిదే.

ఆ తర్వాత సంగతులు వకీలమ్మ నోట విన్నాను. డబ్బులేనివాళ్ళకు కోర్టువాళ్ళు పెట్టే వకీలు ఆమె, వయసులో చిన్నదే కానీ మాట సూటి. "పంపినవాడిదీ నేరమే, తెప్పించుకున్నవాడిదీ నేరమే, తెలిసి అందుకున్నవాళ్ళదీ నేరమే. టపాలో వేస్తే పోస్టువాళ్ళ చట్టం కింద ఇంకోటి చేరుతుంది. తూకాన్ని బట్టి శిక్ష. దీని తూకానికి పదేళ్ళు తక్కువ కాదు" అంది.

"ఆమెకి తెలియదమ్మా!"

"అక్కడే చిక్కు. మామూలు కేసుల్లో నేరం చేశావని వాళ్ళు రుజువు చేయాలి. ఇందులో సరుకు చేతిలో దొరికితే, తెలిసే పట్టుకున్నావని ముందే అనుకుంటుంది చట్టం. తెలియదని మనమే రుజువు చేసుకోవాలి. మీ వదిన మాటకు తోడు ఇంకో మనిషి మాట కావాలి."

ఆ మనిషేమో చెవులు వినపడవంది.

బెయిలు ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదు. ఇలాంటి కేసుల్లో అంత తేలిగ్గా ఇవ్వరట. పాకే పిల్లను వదిలి వెళ్ళిన మా వదిన, పరుగెత్తే పిల్ల దగ్గరికి తిరిగి వచ్చింది. అదీ కేసు కొట్టేసి కాదు, విచారణ సాగుతూనే ఉండగా బెయిలు మీద. ఆమె గుమ్మంలో నిలబడి "బుడ్డీ" అని చేతులు చాపితే, మా బుడ్డిది వచ్చి నా కాళ్ళు చుట్టేసుకుని "అమ్మా, ఎవరు?" అని నన్నడిగింది.

నేను "మీ అమ్మే" అన్నాను. అది నవ్వింది, నేనేదో వేళాకోళం ఆడుతున్నాననుకుంది. 

వదిన ఏడవలేదు. చాపిన చేతులు దించుకుని లోపలికి వచ్చి, కాళ్ళు కడుక్కుని కూర్చుంది. తర్వాత అంది, "మళ్ళీ లోపలికి పోతే ఇది నన్ను ఎప్పటికీ గుర్తుపట్టదు. నేను పోను. వాడు పోవాలి."

మర్నాడు పొద్దున్నే వెళ్ళి మెట్ల కింద బల్ల వేసింది. బిల్డింగువాళ్ళు గుసగుసలు పోయారు, జైలుకు పోయొచ్చిన మనిషి మనకెందుకని. ఓనరుగారి కూతురు మాత్రం ఉండనివ్వమంది. పైగా తనే ఒక మూట బట్టలు తెచ్చి బల్ల మీద పెట్టింది. అందులో వాడి చొక్కాలు కూడా ఉన్నాయి. వదిన వాటిని చక్కగా ఇస్త్రీ చేసింది. కాలర్లు కత్తిలా నిలబెట్టింది.

నాకు కడుపు మండిపోయింది. "వాడి చొక్కాలకా ఇస్త్రీ? సిగ్గు లేదూ? పెట్టె అలాగే వదిలెయ్, వీపున నల్లగా అచ్చు పడుతుంది!"

"చొక్కా కాలితే ఇంకో చొక్కా కొనుక్కుంటాడు మరదలా" అంది. మళ్ళీ నీళ్ళు చల్లుకుంది.

కానీ ఒక్కటి మారింది. ఆ మొదటి రోజే పోస్టాయన అలవాటుగా పార్సిల్ బల్ల మీద పెట్టి మిషను చాపాడు. వదిన చేతులు వెనక్కి పెట్టుకుంది. "కుదరదు. ఎవరి పార్సిల్ వాళ్ళే దిగొచ్చి తీసుకోవాలి. పిలువు" అంది. 

నాలుగో అంతస్తు పెద్దమనిషి దిగాడు, రొప్పుతూ. "ఏంటి వదినా, మందుల డబ్బానే కదా" అన్నాడు. "ఏమో బాబూ, నాకేం తెలుసు" అంది ఆమె. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. పిండి కలుపుతున్న చేతులతో దిగేవాళ్ళు, స్నానం మధ్యలో తువ్వాలు చుట్టుకుని దిగేవాళ్ళు, బజారుకెళ్తే పార్సిల్ వెనక్కి పోయి పోస్టాఫీసు చుట్టూ తిరిగేవాళ్ళు. అబ్బ, నా కళ్ళు ఎంత చల్లబడ్డాయో! నేను కావాలనే మెట్ల పక్కన ముక్కాలిపీట వేసుకుని బీన్స్ గిల్లుతూ కూర్చునేదాన్ని. టీచరమ్మ గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతుంటే, "మెల్లిగా టీచరమ్మా, చెవులు కూడా జాగ్రత్త" అనేదాన్ని.

మా బుడ్డిది కూడా అక్కడే ఆడుకునేది. పోస్టాయన వస్తే చాలు, వదిన ఏమంటుందా అని చూసేది. కానీ ఆకలేస్తే నా దగ్గరికే, దెబ్బ తగిలితే నా దగ్గరికే. వదిన అప్పుడు పెట్టెను ఇంకాస్త గట్టిగా నొక్కి రుద్దేది.

కోర్టు వాయిదాలు దగ్గరపడుతున్నాయి. సాక్షుల్ని పిలిచే రోజు వస్తోందనీ, మన వైపు ఒక్కరూ లేరనీ వకీలమ్మ చెప్పి వెళ్ళిన వారంలోనే, టీచరమ్మ దిగి వచ్చింది. పార్సిలేం లేదు. బట్టలూ లేవు. మొహం మాత్రం పాలిపోయి ఉంది.

"వదినా, ఒక మాట" అంది. నన్ను చూసి ఆగింది.

"అది ఉంటుంది. చెప్పండి" అంది వదిన.

"అల్లుడుగారు నిన్న మా ఇంటికి వచ్చాడు. నా పేరు మీద ఒక పార్సిల్ తెప్పిస్తున్నాడట. భార్యకి తెలియకుండా ఏదో కానుకట, ఆమె పుట్టినరోజుకి. తీసుకుని ఉంచమన్నాడు. మీకు అన్నీ పుస్తకాలు, మందులు వస్తూనే ఉంటాయిగా, ఎవరూ అనుకోరు అన్నాడు. ఏమిటా కానుక అంటే..." ఆవిడ మెట్ల పైకి ఓసారి చూసింది. "ఫోటో ఫ్రేములట."

నేను పీట మీంచి లేచి నిలబడ్డాను. నాకు పట్టింది ఆనందమో కోపమో నాకే తెలియలేదు. మెట్ల కింద మనిషి "కుదరదు" అనడం మొదలుపెట్టాక, వాడికి ఇంకో అమాయకురాలు కావలసి వచ్చింది. అబద్ధం ఆడి పాత అద్దె దక్కించుకున్న ఈవిడకంటే అనువైన మనిషి ఎవరు?

"నేనేం చేయను వదినా? కాదంటే ఇల్లు ఖాళీ చేయమంటాడు. ఈ వయసులో ఎక్కడికి పోతాను?"

వదిన ఇస్త్రీపెట్టెను పక్కన పెట్టింది. "నాతో పోలీసు ఆఫీసుకు రండి. ఇప్పుడు నాతో చెప్పింది అక్కడ చెప్పండి. ఆ రోజు బల్ల దగ్గర విన్నది కూడా చెప్పండి."

"ఇది చెబుతాను. అది... అప్పుడు వినపడలేదని అన్నాను కదా. ఇప్పుడు మాట మారిస్తే నా మీదకే వస్తుందేమో. అది వదిలెయ్ వదినా."

వదిన ఆవిడ మొహంలోకి చూసింది. ఆ చూపు నేనెప్పుడూ చూడలేదు, నాకే భయమేసింది. తర్వాత పెట్టె చేతిలోకి తీసుకుంది.

"సరే అయితే. పార్సిల్ వచ్చినప్పుడు సంతకం పెట్టండి టీచరమ్మా. గీత గీస్తే వేలు అరిగిపోదు" అని చొక్కా చెయ్యి సాపు చేయడం మొదలుపెట్టింది.

టీచరమ్మ అక్కడే నిలబడింది. వదిన తలెత్తలేదు. ఒక చొక్కా అయింది, మడత పెట్టి ఇంకోటి తీసింది. 

"లోపల నేల మీద పడుకోవాలి. మీ మోకాళ్ళకు కష్టం. దుప్పటి ఒకటి ఇస్తారు, అది కూడా దురద" అంది, ఎవరికో వంట చెప్పినట్టు మామూలుగా.

టీచరమ్మ మెట్ల మీద కూలబడి ఏడ్చింది. నాకు జాలి కలగలేదు. కలిగిందని చెబితే పుణ్యం వస్తుందేమో, కానీ కలగలేదు. చాలాసేపటికి ఆవిడ కళ్ళు తుడుచుకుని, "చెప్పులు వేసుకుని వస్తాను. రెండూ చెబుతాను" అంది. వదిన బొగ్గుల మీద నీళ్ళు చల్లి బల్ల సర్దేసింది.

వకీలమ్మ వెంట రాగా ముగ్గురూ మీసాలాయన దగ్గరికి వెళ్ళారు. ఆయన మొదట విసుక్కున్నాడట, ఇన్నాళ్ళూ నోరెందుకు మూసుకున్నావని టీచరమ్మ మీద అరిచాడట. అరిచి, రెండూ చెప్పించుకున్నాడు. టీచరమ్మ పేరుతో వచ్చే పార్సిల్‌ను పోస్టాఫీసులోనే ఆపించారు. తెరిస్తే అవే ఫ్రేములు, అవే పొట్లాలు. ఈసారి సరుకు తీసేసి, బదులు మైదాపిండి పొట్లాలు కట్టి, మళ్ళీ అతికించి పంపారు.

వదిన ఆ పార్సిల్ రావలసిన రోజు పొద్దున వాడి చొక్కా ఒకటి ప్రత్యేకంగా ఇస్త్రీ చేసి పైకి పంపింది. నీలం చొక్కా. "ఇవాళ ఇది వేసుకుంటే బాగుంటుంది" అంది. 

పోస్టాయన వచ్చాడు. వెనకాల వీధిలో మూసిన బండి. టీచరమ్మ తనకు నేర్పినట్టే తలుపు దగ్గర నిలబడి పైకి ఫోను చేసింది. "అల్లుడుగారూ, మీది వచ్చింది. నాకు మోకాళ్ళు కదలడం లేదు, కింద వదినేమో ముట్టుకోనంటోంది. దిగి తీసుకోండి, లేకపోతే వెనక్కి తీసుకుపోతాడట."

మేమంతా మెట్ల వైపు చూస్తున్నాం. అడుగుల చప్పుడు వినిపించింది. దిగింది వాడు కాదు. వాడి పెళ్ళాం! మూడో అంతస్తు బాల్కనీలోంచి వాడి గొంతు వినపడింది, "టీచరమ్మగారి పార్సిలట, పాపం ఆవిడ దిగలేదు, తీసుకొచ్చి మన గదిలో పెట్టు" అని.

అల్లుడుగారు మోయడు కదా! ఎవరో ఒకరు మోయాలి.

ఆమె చెయ్యి చాపింది. పోస్టాయన తెల్లబోయి వదిన వంక చూశాడు. నా మనసులో ఏముందో నిజం చెబుతున్నాను. తీసుకోనీ అనుకున్నాను. వాడి పెళ్ళామే కదా, వాడి ఇంట్లోనే కదా దొరికేది, వాడికి ఆ నొప్పి తెలియాలి కదా అనుకున్నాను. 

వదిన బల్ల వెనకనుంచి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. "అమ్మాయిగారూ, ముట్టుకోకండి" అంది, పైకి వినపడనంత మెల్లిగా.

ఆమె వదిన మొహం చూసింది. పార్సిల్ చూసింది. మెట్ల పైన తలుపు పట్టుకుని వణుకుతున్న టీచరమ్మను చూసింది. అర్థమైపోయింది ఆమెకు. ఒక్క కేక వేస్తే చాలు, వాడు జారుకుంటాడు, మా వదిన పదేళ్ళు లోపలికి పోతుంది.

ఆమె తలెత్తి, తేనెలూరే గొంతుతో పిలిచింది. "ఏమండీ! నా చేతికి ఇవ్వడట. మీరే రావాలి. త్వరగా రండి, పోతానంటున్నాడు."

తర్వాత వదినతో అంది, "ఆ రోజు నిన్ను తీసుకెళ్ళాక ఆయన భోజనానికి కూర్చుని మారు అన్నం పెట్టించుకున్నాడు వదినా. అప్పుడే తెలిసింది నాకు."

తెలిసి ఇన్నాళ్ళు కుక్కిన పేనులా పడి ఉందా! నా నోటిదాకా వచ్చింది. వదిన నా చెయ్యి గట్టిగా నొక్కింది, ఊరుకున్నాను.

వాడు దిగాడు. నీలం చొక్కాలో. విసుగ్గా మిషను లాక్కుని గీకాడు, పార్సిల్ చంకలో పెట్టుకున్నాడు. పోతూ పోతూ వదినతో, "ఒక్క పార్సిల్ తీసుకుంటే నీ సొమ్మేం పోయింది? మనుషులన్నాక సాయం చేసుకోవాలి" అన్నాడు. ఆ మాట అనడానికి కూడా వాడికి నోరొచ్చింది చూడండి!

"కుదరలేదు బాబూ" అంది వదిన.

వాడు పైకెక్కాడు. జీవితంలో మొదటిసారి బరువు మోస్తూ ఎక్కాడు. పోలీసులు వెంటనే పోలేదు. కొంచెంసేపు ఆగారు. ఆ కొంచెంసేపు నేను బతికి లేను. ఎందుకు ఆగారో తర్వాత వకీలమ్మ చెప్పింది. బొమ్మ కావాలనుకున్నవాడు ముందు బొమ్మ చూస్తాడు. ఫ్రేము వెనకట్ట పీకేవాడికి అక్కడేముందో ముందే తెలుసు. తలుపు తోసుకుని వెళ్ళేసరికి వాడు కూరగాయల కత్తితో వెనకట్టలు పీకుతున్నాడు.

వాడిని దించుకొచ్చారు. పొట్లం చిరిగిందేమో, నీలం చొక్కా మీద కాలరు నుంచి కింది బొత్తాం దాకా మైదాపిండి. బిల్డింగు మొత్తం మళ్ళీ మెట్ల మీద, బాల్కనీల్లో నిలబడి ఉంది. ఈసారి "మాకేం తెలుసు" అని ఎవరూ అనలేదు.

"ఇది టీచరుగారిది సార్! పేరు చూడండి! నేను సాయం చేశానంతే!" అని అరుస్తున్నాడు. టీచరమ్మ ముందుకొచ్చింది. "నీది అని నువ్వే చెప్పావు. ఆ రోజూ నువ్వే చెప్పావు. నేను విన్నాను" అంది, అందరికీ వినపడేట్టు.

వాడి కళ్ళు గిర్రున తిరిగి మా వదిన దగ్గర ఆగాయి. ఆ సమయంలో కూడా వాడికి ఆమే కనిపించింది! "వదినగారూ, మీరైనా చెప్పండి. నేనలాంటివాణ్ణా? రోజూ చూస్తున్నారు కదా, చెప్పండి."

వదిన వేలు తడి చేసి పెట్టె అడుగున తాకించింది. చుయ్ మంది.

"నాకేం తెలుసు బాబూ" అంది. "అయ్యో, ఇస్త్రీ చొక్కా పాడైపోయిందే. లోపల ఇస్త్రీలుండవు."

బండి కదిలాక నేను వీధిలోకి పరుగెత్తి దుమ్మెత్తి పోశాను, నిజంగానే, రెండు చేతులతో.

వాడికి పదేళ్ళు పడ్డాయి, జరిమానా అదనం. వాడికి సరుకు పంపినవాణ్ణి ఇంకో ఊళ్ళో పట్టుకున్నారు. వదిన మీద కేసు కొట్టేశారు. మాట మార్చినందుకు జడ్జిగారు టీచరమ్మకు గట్టిగానే చీవాట్లు పెట్టాడు. ఓనరుగారి కూతురు ఇప్పుడు అద్దెలు తనే చూసుకుంటుంది, సంచులు తనే మోసుకుంటుంది, అది పాత సంగతే. బిల్డింగువాళ్ళు మాత్రం ఒకరోజు పళ్ళూ స్వీట్లూ పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చారు. అయిందేదో అయిపోయింది, ఇక మునుపటిలా ఉందాం వదినా అన్నారు. వదిన పళ్ళు తీసుకుంది, స్వీట్లు తీసుకుంది.

మర్నాడు కొరియరాయన వచ్చాడు, కొత్త కుర్రాడు. టీచరమ్మది పార్సిల్. ఆవిడ ఆస్పత్రికి వెళ్ళింది. "మీరు తీసుకుంటారా అమ్మా? అందరూ మీ దగ్గర పెట్టమన్నారు" అని మిషను చాపాడు. పై బాల్కనీల్లో తలలు కనిపించాయి. వదిన పెట్టె ఆపి ఆ మిషను వంక చూసింది. ఆమె ఏమంటుందో నాకూ తెలియలేదు.

ఈలోపల బల్ల కింద నుంచి మా బుడ్డిది బయటికి వచ్చింది. నడుం మీద చేతులు పెట్టుకుని, వదిన గొంతు దించినట్టుగా, "కుదరదు! ఎవరి పార్సిల్ వాళ్ళే దిగొచ్చి తీసుకోవాలి!" అంది. కొరియరాయన నవ్వాడు. అది నవ్వలేదు. వెనక్కి తిరిగి అడిగింది, "కదమ్మా?"

నేను అలవాటుగా "అవునే తల్లీ" అనబోయాను. అది నా వైపు చూడటం లేదు. తలెత్తి, బల్ల అవతల ఉన్న మనిషిని చూస్తోంది.

బీన్స్ గిన్నె మీదకి తల వంచుకున్నాను. వదిన పెట్టెను దూరంగా జరిపి, చెయ్యి తుడుచుకుని, దాని నెత్తి మీద పెట్టింది.

"అవును బుడ్డీ" అంది. కొరియరాయన పార్సిల్ వెనక్కి తీసుకుపోయాడు.